ఎవరూ నిమరని వరుస

నాటిన 3వ రోజు

అప్పలకొండ మాస్టారు పోతూ పోతూ నాకు రెండు అప్పగించాడు. ఒకటి కషాయం కుండ, రెండోది ఈ పుస్తకం. కుండ పని నాకు ఇష్టమే. రోజూ మధ్యాహ్నం కూర్చుని వరి గురించి నాలుగు ముక్కలు రాయాలన్న నియమమే ప్రాణం తీస్తుంది. "రాయకపోతే నీ తప్పు నీకే అవుపడదే కాసులమ్మా" అనేవాడు. ఆయన తప్పుల కోసం ఆయన పుస్తకమంతా వెతికాను. ఒక్కటీ దొరకలేదు. నా పుస్తకం అలా ఉండదని ముందే చెప్పేస్తున్నాను.

ఇవాళ్టితో నాట్లు అయ్యాయి. వరి పెంచే అద్దాల పచ్చగదిలో మూడు అంతస్తులూ కలిపి తొంభై తొమ్మిది వరుసలు. నూరోది ఖాళీ. మిగిలిన నారు ఒక మూల తొట్టిలో ఉంచాను. కిటికీ అద్దాల మీద ఉప్పు గీకేసరికి నా భుజాలు పడిపోయాయి.

నాటిన 10వ రోజు

మొదటి మేలుకొలుపు చల్లాను.

మేలుకొలుపు అంటే పీత పెంకుల కషాయం. పెంకులు ఎండబెట్టి దంచి, బూడిద నీళ్ళలో ఉడకబెట్టి, కడిగి, పులిసిన తరవాణిలో కరగనిస్తాను. కంపు నా ఒంటికి పట్టేసింది. నా పక్కన ఎవరూ కూర్చోరు, నాకూ అదే సుఖంగా ఉంది. ఇందులో విషమేమీ లేదు. బూజు ఒంట్లో ఉండే సరుకే పీత పెంకులోనూ ఉంటుందట. కషాయం తగలగానే ఆకు తన మీదికి బూజు వచ్చిపడిందనుకుని కంగారుపడి తలుపులన్నీ బిగించుకుంటుంది. ఆ తర్వాత అసలు తెగులు వచ్చినా లోపలికి పోలేదు. ఒకరకంగా చెప్పాలంటే మొక్కకు అబద్ధం చెప్పి కాపాడుతున్నాం.

పంటకు మూడుసార్లే చల్లాలని మాస్టారు నియమం. పదో రోజు, ముప్పయ్యో రోజు, పొట్ట కట్టే ముందు ఒకసారి. నాలుగోసారి అన్న మాట ఆయన పుస్తకంలోనే లేదు.

ముందటేడు మాకు కషాయం తెలియదు. అగ్గితెగులు తొమ్మిది రోజుల్లో మూడు అంతస్తులూ తినేసింది. ఆ ఏడు మేముండే మంచె మీద తిండిలేక ముప్పై ఒక్క మంది పోయారు. అసిరమ్మ మనవలిద్దరూ అందులోనే ఉన్నారు.

నాటిన 20వ రోజు

ఒడ్డు నుంచి పడవ వచ్చింది. ఒడ్డు నుంచి పడవ రావడం మూడేళ్ళ తర్వాత ఇదే. అందులో ఒక్కతే మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి, పెదవులు పగిలి నెత్తురు కారుతున్నాయి. పేరు గున్నమ్మ. బయల్దేరినప్పుడు నలుగురం అంది. మిగతా ముగ్గురి సంగతి ఎవరూ అడగలేదు.

సముద్రం మధ్య ఈ ఇనుప మంచె వేసింది గ్యాసు తోడటానికట. గ్యాసు అయిపోయింది, వేసినవాళ్ళు పోయారు, మేం రెండు వందల పద్నాలుగు మందిమి మిగిలాం. మంచె పెద్ద తవిటయ్య రేవు మెట్ల దగ్గరే గున్నమ్మకు నియమం చెప్పాడు. "తొలి పంట దాకా నువ్వు సుట్టానివమ్మా. నీకో వరుస ఇస్తాం. అది పండితే మా మనిషివి, ఇక్కడే ఉంటావు. పండకపోతే నీ పడవ నీకుంది."

"అలాగేనండి" అంది గున్నమ్మ. నిలబడే ఓపిక కూడా లేక మెట్టు మీద కూర్చుండిపోయింది.

నూరో వరుస ఆమెది. మూల తొట్టిలో నారు ముదిరింది గానీ బతికే ఉంది. ఎల్లుండి నాటిస్తాను.

నాటిన 34వ రోజు

బూడిద అయిపోవచ్చింది. ఈ వానల్లో నాచు ఎండదు, ఎండనిది కాలదు, కాలనిది బూడిదవదు. ఉన్న కాస్త బూడిదా కషాయానికే కావాలి.

పచ్చగది గుమ్మంలో చేతులు ముంచుకునే పళ్ళెం ఉంది కదా, అందులో ఎప్పుడూ బూడిద నీళ్ళు పోసేదాన్ని. ఇవాళ్టి నుంచి కుండ అడుగున మిగిలిన కషాయం పలచన చేసి పోస్తున్నాను. చేతులు శుభ్రమవుతాయి, కషాయం దండగ కాదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాటిన 41వ రోజు

గున్నమ్మ నా దగ్గర పెంకులు దంచుతోంది. ఈ పని ఎవరిమీదా బలవంతంగా పెట్టలేం. తనే వచ్చింది. కంపు గురించి ఒక్క మాట అనలేదు. ఒడ్డున ఉన్న కంపు ముందు ఇది సెంటు వాసన అంది.

పెంకులయ్యాక తన వరుసకు గొట్టంతో నీళ్ళు పెడుతుంది. నేనూ వెంట వెళ్తాను. ఇవాళ ఉదయం జనం నిమరడానికి వచ్చిన వేళకు మేమిద్దరం అక్కడే ఉన్నాం. గుమ్మంలో పళ్ళెంలో చేతులు ముంచి, ఆ తడి చేతులతో తమ వరుస వెంబడి నడుస్తూ, పసిపిల్లల తల నిమిరినట్టు ఆకుల కొసలు నిమురుతూ పోతారు. అసిరమ్మ అయితే ఆకు ఆకునీ పలకరిస్తుంది, మనవల పేర్లతో. పూర్వం వారానికోసారి వచ్చేవాళ్ళు. తెగులు ఏడు తర్వాత పొద్దునా సాయంత్రమూ వస్తున్నారు. రాకపోతే ఏమవుతుందోనన్న భయం.

పరాయి చెయ్యి వరిని నిమరకూడదు. పరాయి వరుసను మనవాళ్ళెవరూ నిమరరు. అదీ నియమమే. గున్నమ్మ చేతులు వెనక్కి కట్టుకుని గోడ పక్కన నిలబడి చూస్తోంది. నన్ను అక్క వరసన అప్పా అంటుంది.

"అప్పా, నాకూ ఆశగా ఉంటాదే. నా వరుసని నానెప్పుడు ముట్టుకుంతాను?"

"పంటయిపోనాక. అప్పుడు నువ్వూ మా మనిషివే గదా."

"అప్పుడు కోసీడమే గానీ నిమరడమేటుంది" అని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం ఇదే మొదలు. నేనూ నవ్వాను. నాకు చెల్లెళ్ళు లేరు.

నాటిన 58వ రోజు

మూడో మేలుకొలుపు కూడా పడింది. తొంభై తొమ్మిది వరుసల్లో ఒక్క మచ్చ లేదు. ఆకులు దళసరిగా, నల్లటి ఆకుపచ్చగా, గీరితే చెయ్యి కోసుకునేలా ఉన్నాయి. తవిటయ్య నా భుజం తట్టి "మాస్టారి పేరు నిలబెట్టినావు" అన్నాడు. కంపును కూడా లెక్కచేయలేదు.

ఒకటే అనుమానం. పిలకలు తక్కువ. పోయినేడు మొక్కకు పదిహేను లెక్కపెట్టాను, ఇప్పుడు ఆరో ఏడో ఉన్నాయి. ఎత్తు కూడా మోకాలు దాటలేదు. వానల్లో వెలుతురు చాలక అయి ఉంటుంది.

గున్నమ్మ వరుస మూడు వారాలు వెనక. దాని ఆకులు లేతగా, మామూలుగా ఉన్నాయి. చూసినవాళ్ళు పెదవి విరుస్తున్నారు.

నాటిన 71వ రోజు

వరి ఈనుతోంది. ఈనుతోంది అని రాయడానికి చెయ్యి రావడం లేదు. వెన్ను సగం బయటికొచ్చి ఆగిపోతోంది, మిగతా సగం పొట్టలోనే ఉండిపోతోంది. నా చిటికెన వేలంత వెన్నులు.

నాటిన 79వ రోజు

ఇవాళ ఇరవై వరుసల్లో గింజలు నొక్కి చూశాను. పాలు పోసుకోవలసిన రోజులివి. ఒకటి నొక్కితే గాలి, ఇంకొకటి నొక్కితే గాలి. పంటి కింద పెట్టి కొరికితే ఊక రుచి. తాలు. ఎనిమిదింట ఒక గింజ కూడా నిండలేదు.

తెగులు లేదు, పురుగు లేదు, ఉప్పు తగలలేదు. మొక్క నిలువెల్లా ఆరోగ్యంగా ఉంది. గింజ మాత్రం లేదు. అసిరమ్మ నా మొహం చూసి తన వరుసలో కూర్చుని నిమురుతూనే ఉంది. నాకు అక్కడ నిలబడాలనిపించలేదు.

నాటిన 82వ రోజు

భోజనాల గదిలో అందరూ కూడారు. భోజనం లేదు, చేప పులుసు నీళ్ళే. మొదట నన్ను అడిగారు. కారణం తెలియదన్నాను. అప్పటికి అది నిజమే.

ఆ తర్వాత ఎవరో వెనక నుంచి అన్నారు, కొత్త మనిషి వచ్చిన ఏడే ఇలా ఎందుకైందని. ఒకరు అన్నాక ఇక ఆపడం ఎవరి తరం. ఒడ్డు నుంచి కంటికి కనబడని తెగులు ఒంటి మీద మోసుకొచ్చిందన్నారు. ఆమె వరుస మీది గాలే తగిలిందన్నారు. ఆమె వరుస ఇంకా ఈననే లేదు, అది ఈనదు కూడా అన్నారు. తవిటయ్య నోరు చేసే మనిషి కాదు. పంట దాకా ఆగడం నియమమని రెండుసార్లు చెప్పి చూశాడు.

"ఆగితే ఇత్తనం కూడా మిగలదు తవిటయ్యా" అంది అసిరమ్మ. "నాకింక పాతెయ్యడానికి పిల్లల్నేరు."

మూడు రోజుల్లో అలలు తగ్గుతాయి, అప్పుడు కొత్త మనిషిని పడవలో పంపాలని తేల్చారు. గున్నమ్మ గోడ పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి అంతా వింది.

నాటిన 83వ రోజు

తెల్లారగానే మాస్టారి పుస్తకం తీసి మొదటి నుంచి చదివాను. తాలు గురించి ఎక్కడా లేదు. చివరి పేజీల్లో, తప్పులు వెతుకుతూ నేను దాటేసిన చోట, ఆయన చెయ్యి వణుకుతున్నప్పటి రాతలో ఇది దొరికింది: "రోజూ లేపిన మొక్క నిద్రపోదు. ఉన్న బలమంతా కాపలాకే పోస్తుంది. బిడ్డను కనదు."

పుస్తకం మూసి పళ్ళెం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

ముప్పై నాలుగో రోజు నుంచి నేనే పోశాను. పొద్దునా సాయంత్రమూ తొంభై తొమ్మిది వరుసలను తడి చేతులతో నిమిరించింది నేనే. మూడుసార్లు చల్లవలసినది వందసార్లు చల్లించాను. రోజూ శత్రువు వచ్చాడని మొక్కకు చెప్పించాను. పాపం, అది నమ్మింది.

నూరో వరుసను ఎవరూ నిమరలేదు. పరుగున వెళ్ళి చూశాను. పొట్టలు ఉబ్బి ఉన్నాయి. లావుగా, గట్టిగా. అది ఈనుతుందా, ఈనినా గింజ కడుతుందా, ఇంకో పది పదిహేను రోజులైతే గానీ తెలియదు.

ఇప్పుడే వెళ్ళి చెప్పాలి. చెబితే పడవ ఎక్కేది నేను. నాకు యాభై ఎనిమిదేళ్ళు, పడవలో పెట్టే ఆరు రోజుల మంచినీళ్ళతో ఒడ్డు దాకా బతకను. భయమేస్తోంది. భయమేస్తోందని రాస్తున్నాను, ఎందుకంటే మాస్టారు రాయమన్నాడు. పళ్ళెం మాత్రం కడిగి మామూలు నీళ్ళు పోశాను. రేపు చెబుతాను.

నాటిన 84వ రోజు

తవిటయ్య గుమ్మం దాకా వెళ్ళాను. "ఏటి కాసులమ్మా?" అన్నాడు. పడవలో ఆరు కాదు, పది రోజుల నీళ్ళు పెట్టమన్నాను. సరేనన్నాడు. తిరిగొచ్చేశాను.

మధ్యాహ్నం గున్నమ్మ తన వరుసకు చివరిసారి నీళ్ళు పెట్టింది. గొట్టం చుట్టి పక్కన పెట్టి నా వైపు చూసింది.

"అప్పా, ఎవుళూ సూడ్డం నేదు. ఒక్కపాలి నిమురుకోనా?"

పొట్ట పగిలే సమయం. ఆమె రెండు చేతులూ ఉదయం నుంచి కషాయం కుండలోనే ఉన్నాయి, మోచేతుల దాకా ఆరిన జిగురు. చేతులు కడుక్కుని ముట్టుకో అనాలి. ఎందుకు అని అడుగుతుంది. అడిగితే అంతా చెప్పాలి.

"ఒద్దు" అన్నాను.

"నువ్వూ అంతేనేటి" అంది, కోపంగా కాదు, అలసిపోయిన గొంతుతో. చేతులు వెనక్కి కట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నాటిన 85వ రోజు

పొద్దున్నే పడవ వెళ్ళిపోయింది. రేవు దగ్గరికి అందరూ వెళ్ళారు. నేను వెళ్ళలేదు. కిటికీ అద్దం మీద ఉప్పు గీకుతూ ఉన్నాను. గీకిన చోటు నుంచి పడవ కాసేపు కనబడింది.

నాటిన 92వ రోజు

నూరో వరుస ఈనింది. వెన్నులు పూర్తిగా బయటికొచ్చి వంగాయి. జానెడు పైనే ఉన్నాయి. పూత తెల్లగా వేలాడుతోంది.

నాటిన 99వ రోజు

నూరో వరుసలో గింజ నొక్కాను. పాలు వచ్చాయి. బొటనవేలి గోటి మీద తెల్లగా అంటుకున్నాయి. అక్కడే నేల మీద కూర్చుని బిగ్గరగా ఏడ్చాను. ఎవరైనా వింటారన్న బెదురు కూడా లేకపోయింది.

భోజనాల గంట నేనే కొట్టాను. అందరి ముందూ ఆ వెన్ను చేత్తో పట్టుకుని బూడిద దగ్గర్నుంచి చెప్పాను. పళ్ళెం, తడి చేతులు, మాస్టారి రాత, గున్నమ్మ అడిగింది, నేను వద్దన్నది, అంతా. ఎనభై మూడో రోజుకే నాకు తెలుసని కూడా చెప్పాను. ఆ ఒక్క మాట చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది.

అసిరమ్మ తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "ఈటితోనేనా?" అంది.

"నీ చేతులది తప్పు కాదమ్మా. నేను పోసిన నీళ్ళది."

ఆమె వినిపించుకోలేదు.

నాటిన 100వ రోజు

నన్ను పంపరట. పడవ ఎక్కడానికి చీర మూట కట్టుకుని సిద్ధంగా ఉన్నాను. తవిటయ్య వచ్చి మూట విప్పేశాడు.

"కషాయం కాసీది నీకొక్కదానికే తెలుసు. నిన్ను పంపి మేమేటి తినాల?"

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. గున్నమ్మకు ఏ పనీ తెలియదనుకున్నారు కాబట్టి పంపారు, నాకు తెలుసు కాబట్టి ఉంచారు. ఆమెను వెతకమని తవిటయ్య ఇద్దరు మనుషులను పెద్ద పడవ మీద ఒడ్డు వైపు పంపించాడు. ఆమె వెళ్ళి పదిహేను రోజులు.

నాటిన 109వ రోజు

పెద్ద పడవ తిరిగొచ్చింది. ఒడ్డు పొడుగునా రెండు రోజులు వెతికారట. మనిషి లేదు, పడవ లేదు. ఒకచోట ఇసకలో మా మంచె నీళ్ళ డబ్బా ఒకటి దొరికిందని తెచ్చారు. మూత బిగించి ఉంది, లోపల చుక్క లేదు. మూత బిగించే ఓపిక ఉంది కాబట్టి దిగి నడిచి వెళ్ళి ఉంటుందని తవిటయ్య అంటున్నాడు. నాకూ అలా అనుకోవాలనే ఉంది.

నాటిన 120వ రోజు

నూరో వరుస కోశాను. ఒక్కదాన్నే, కడిగి ఆరబెట్టిన చేతులతో. మూడు బస్తాలయ్యాయి. మిగతా తొంభై తొమ్మిది వరుసలూ తూర్పారబడితే అన్నీ కలిపి అయిదు బస్తాలు. ఆ అయిదూ గంజి కాచుకుంటున్నాం, పూటకు ఒక గరిటె. నిన్న ఇద్దరు ముసలివాళ్ళు తమ గరిటె పక్కవాళ్ళ గిన్నెలో పోసి లేచి వెళ్ళిపోయారు. ఈ చలికాలం దాటేసరికి ఎంతమందిమి ఉంటామో రాయను.

గున్నమ్మ వరుస ధాన్యం ఎవరూ తినకూడదని తేల్చారు. అది విత్తనం.

తొలి పంట పండితే మా మనిషి అన్నది నియమం. మంచె మనుషుల పేర్లు రాసే పలక మీద తవిటయ్య ఆమె పేరు చెక్కించాడు. రెండు వందల పదిహేనోది.

కొత్త పంట, నాటిన 1వ రోజు

నూరు వరుసలూ నాటాం. అన్నీ గున్నమ్మ గింజలే.

పళ్ళెం తీసేశాను. పచ్చగది గుమ్మం మీద, వరిని ఎవరూ నిమరకూడదని బొగ్గుతో రాశాను. చదువురాని వాళ్ళకు నోటితో చెప్పాను. ఎవరైనా తగువుకు వస్తారనుకున్నాను. రాలేదు.

పొద్దున్న అలవాటు చొప్పున అందరూ వచ్చారు, నూట తొంభై ఆరు మందిమి మిగిలాం. ఎవరి వరుస దగ్గర వాళ్ళు ఆగారు. చేతులు ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియలేదు. అసిరమ్మ చెయ్యి తనంతట తనే ఒక మొక్క మీదికి వెళ్ళి, సగంలో ఆగి, వెనక్కి వచ్చింది. రెండు చేతులూ నడుము వెనక గట్టిగా పట్టుకుంది. ఆమెను చూసి పక్కవాళ్ళు, వాళ్ళను చూసి ఆ పక్కవాళ్ళు. కాసేపటికి గదిలో అందరూ అలాగే నిలబడి ఉన్నారు, నూరో వరుస దగ్గర గోడ పక్కన గున్నమ్మ నిలబడినట్టే.

ఈసారి నూరో వరుస నాకిచ్చారు. వెళ్ళి దాని ముందు నిలబడి నా చేతులు నేనూ వెనక్కి పెట్టుకున్నాను.